అమెరికా కామిక్స్‌కు గ్రేడు వేయించి అమ్మడం ఎలా? పంపేముందు వేసుకోవలసిన లెక్క

గ్యారేజీలోనో అటక మీదో పాత కామిక్స్ పెట్టె దొరికినవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “వీటిని గ్రేడింగుకు పంపితే ఎంత వస్తుంది?” డల్లాస్ నుంచి అడుగుతారు, న్యూజెర్సీ నుంచి అడుగుతారు. పిల్లలు అమెరికా నుంచి తెచ్చి వదిలేసిన పుస్తకాలను చూసుకుంటూ హైదరాబాదు నుంచీ అడుగుతారు. ఎవరికి వారికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాయడం మేలు. ముందే ఒక మాట: మీ పెట్టెలో చాలా భాగం గ్రేడింగుకు పంపకూడనివే అయి ఉంటాయి. వాటిని ఏరి పక్కన పెట్టడమే అసలు పని. పంపడం, అమ్మడం ఆ తర్వాతి సంగతి, పైగా తేలిక.

గ్రేడింగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఒక సంస్థ మీ కామిక్ ఎంత బాగా ఉందో పరిశీలించి 0.5 నుంచి 10.0 వరకు ఒక అంకె ఇస్తుంది. పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పైన లేబుల్ పెట్టి తిరిగి పంపుతుంది. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. 2000లో మొదలైన సీజీసీ (CGC) ఈ రంగంలో పెద్దది, ఫ్లోరిడాలోని సారసోటాలో ఉంది. 2014లో వచ్చిన సీబీసీఎస్ (CBCS) మరొకటి. అదే పుస్తకం, అదే గ్రేడు అయినా సీజీసీ స్లాబుకు సాధారణంగా ఎక్కువ ధర పలుకుతుంది. కాబట్టి అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు అటే వెళ్తారు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మంచి వెలుతురున్న శుభ్రమైన బల్ల, వాలుగా వెలుగు పడేలా ఒక టేబుల్ లైటు
- భూతద్దం, సెంటీమీటర్లూ అంగుళాలూ ఉన్న స్కేలు
- ఆమ్లం లేని బ్యాకింగ్ బోర్డులు, కామిక్స్ కొలతకు సరిపోయే ప్లాస్టిక్ కవర్లు. విలువైనవాటికి మైలార్ (పాలిఎస్టర్ రకం గట్టి ప్లాస్టిక్) కవర్లు
- నీలం రంగు పెయింటర్స్ టేపు. జిగురు మిగల్చకుండా ఊడివస్తుంది
- ఒక నోటుపుస్తకం

చేతి తొడుగులు అక్కర్లేదు. తొడుక్కుంటే వేళ్లకు స్పర్శ తెలియక కాగితం చిరుగుతుంది. చేతులు కడుక్కొని బాగా తుడుచుకోండి, అది చాలు. నూనె రాసుకున్న చేతులతో, బజ్జీలు తిన్న చేతులతో మాత్రం ముట్టుకోవద్దు.

1. చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

అట్ట మీద బొమ్మ చూసి నిర్ణయానికి రావద్దు. లోపల మొదటి పేజీ అడుగున, లేదా అట్ట లోపలి వైపు, చిన్న అక్షరాలతో ప్రచురణ వివరాలు ఉంటాయి. పేరు, సంచిక నంబరు, నెల, సంవత్సరం అక్కడ చూసి రాసుకోండి. ‘రెండో ముద్రణ’, ‘ఫాక్సిమిలీ ఎడిషన్’ అన్న మాటలు కూడా అక్కడో, అట్ట మీదో ఉంటాయి. పాత సంచికలను లోపలి ప్రకటనలతో సహా అచ్చుగుద్దినట్టు మళ్లీ ముద్రించి మార్వెల్, డీసీ సంస్థలు ఇప్పుడు మామూలు ధరకే అమ్ముతున్నాయి. కొత్తవాళ్లు వీటిని చూసే మోసపోతుంటారు.

అంతకంటే పాత ఉచ్చు ఒకటుంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938 నాటిది. అప్పుడు దాని ధర 10 సెంట్లు. 8.5 గ్రేడు ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. 1974లో డీసీ దాన్నే పెద్ద సైజులో, పైన వేరే అట్ట వేసి పునర్ముద్రించింది. పై అట్ట చించేస్తే లోపల మిగిలేది అసలు సంచికలాగే కనిపిస్తుంది. స్కేలు పెడితే గుట్టు రట్టవుతుంది: ఆ పునర్ముద్రణ ఎత్తు 13 అంగుళాలు దాటుతుంది, అసలు సంచికది పదిన్నర అంగుళాలే.

1970ల చివరి నుంచి వచ్చిన సంచికలైతే అట్ట మీద బార్‌కోడ్ గడిని కూడా చూడండి. న్యూస్‌స్టాండ్లలో అమ్మిన ప్రతులకు ఆ గడిలో బార్‌కోడ్ ఉండేది. కామిక్స్ దుకాణాలకు వెళ్లిన ప్రతుల్లో ఆ రోజుల్లో అక్కడ స్పైడర్‌మ్యాన్ తలకాయ లాంటి బొమ్మ వేసేవారు. కొన్ని సంచికలకు న్యూస్‌స్టాండ్ ప్రతి ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే వాటిలో నలగకుండా మిగిలినవి తక్కువ.

2. అమ్ముడైన ధర చూడండి, అడుగుతున్న ధర కాదు

ఈబేలో సంచిక పేరు, నంబరు కొట్టి, అమ్ముడైనవి మాత్రమే చూపించే ఎంపికను నొక్కండి. అమ్మకందారుకు ఎంత ఆశ ఉంటే అడిగే ధర అంత ఉంటుంది. గ్రేడు లేని ప్రతుల ధరలు, గ్రేడైన ప్రతుల ధరలు విడివిడిగా రాసుకోండి. గత మూడు నాలుగు నెలలవి చూస్తే సరిపోతుంది. పోయిన సంవత్సరం సినిమా విడుదలైన వారంలో పలికిన ధరను పట్టుకుని కూర్చోవద్దు. ఆ వేడి సినిమాతో పాటే చల్లారుతుంది.

చాలామంది ఆశలు ఇక్కడే కూలిపోతాయి. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అచ్చయింది. 1992లో సూపర్‌మ్యాన్ మరణించిన 75వ సంచికను నల్ల కవరులో పెట్టి అమ్మితే జనం బారులు తీరి ఒక్కొక్కరు నాలుగైదు కొనుక్కున్నారు, పిల్లల చదువులకు పనికొస్తాయని దాచారు. అందరూ దాచారు కాబట్టే ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. అవి కొద్ది డాలర్ల పుస్తకాలు. 1990ల మొదట్లో మెరుపు అట్టలతో, రకరకాల ముఖచిత్రాలతో వచ్చినవాటిలో చాలావాటి కథ ఇదే.

పాతదనం ఒక్కటే విలువ కాదు. ఆ సంచికలో ఏదో జరిగి ఉండాలి: ఒక పాత్ర తొలిసారి రావడమో, పేరున్న చిత్రకారుడి అట్టో. 1974 ఫిబ్రవరి నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 129లో పనిషర్ మొదటిసారి కనిపిస్తాడు. అదే ఏడాది నవంబరు నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181లో వూల్వరిన్ తొలిసారి పూర్తిస్థాయిలో వస్తాడు. వాటి ముందూ వెనకా ఉన్న చాలా సంచికలకు ఆ విలువలో పిసరంత కూడా ఉండదు.

3. స్థితిని మీరే అంచనా వేయండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. బయటి నుంచి లోపలికి, ఒకే వరుసలో, ప్రతి పుస్తకానికీ అలాగే చూడండి.

*వెన్ను.* లైటును వాలుగా పెట్టి పుస్తకాన్ని మెల్లగా తిప్పండి. పిన్నుల దగ్గర వెన్నుకు అడ్డంగా చిన్న గీతలు కనిపిస్తాయి. రంగు చెదరని గీత ఒక రకం, రంగు ఊడి తెల్ల కాగితం కనిపించే గీత ఇంకో రకం. మొదటిది ప్రెసింగుతో, అంటే వేడితో ఒత్తిడితో సాపు చేయిస్తే, పోవచ్చు, రెండోది ఎప్పటికీ పోదు. రంగు ఊడిన గీతలు రెండు మూడు ఉన్నాయంటే 9.8 ఆశ వదులుకోవడం మంచిది.

*మూలలు, అంచులు.* మూల మొద్దుబారిందా, మడత పడిందా? అంచులు కత్తిరించినట్టు మరీ తిన్నగా, మరీ తెల్లగా ఉంటే అనుమానించండి. నలిగిన అంచును బ్లేడుతో కోసి కొత్తదానిలా చూపించడం పాత మోసం. అదే సంచిక మరో ప్రతి పక్కన పెట్టి కొలిస్తే తెలుస్తుంది.

*అట్ట రంగు.* నల్లటి చోట్ల స్కెచ్ పెన్నుతో దిద్దారేమో చూడండి. అట్ట లోపలి వైపు నుంచి చూస్తే సిరా ఇంకిన మచ్చ కనిపిస్తుంది. ఇలా దిద్దినదాన్ని సీజీసీ మరమ్మతు చేసినదిగా లెక్కించి ఊదా రంగు లేబుల్ ఇస్తుంది, ధర బాగా పడిపోతుంది.

*పిన్నులు.* తుప్పు పట్టాయా? తుప్పు కాగితంలోకి పాకిందా? మధ్య కాగితం రెండు పిన్నులకూ అతుక్కునే ఉందా?

*లోపలి పేజీలు.* ఒక్కొక్కటీ తిప్పండి, అన్నీ లెక్కపెట్టండి. 1970ల మధ్యలో మార్వెల్ తన సంచికల్లో కత్తిరించి అతికించుకునే స్టాంపులు వేసింది. అప్పటి పిల్లలు కత్తెర పట్టుకుని పండగ చేసుకున్నారు. హల్క్ 181లోనూ ఒక స్టాంపు ఉంది. అట్ట కొత్తదానిలా మెరుస్తున్నా లోపల ఆ చదరం లేకపోతే, పుస్తకంలో పెద్ద లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ గానీ, బాగా తక్కువ గ్రేడు గానీ వస్తుంది. కొనేటప్పుడు ‘స్టాంపు ఉందా’ అని అడిగి, ఆ పేజీ ఫోటో తెప్పించుకోకుండా డబ్బు ఇవ్వకండి.

*కాగితం రంగు, వాసన.* తెలుపు, కాస్త పసుపు, గోధుమ రంగు: ఈ మార్పునూ లేబుల్ మీద రాస్తారు. పేజీ మూల ముట్టుకుంటే పొడిలా రాలుతుంటే దాన్ని ఇక తిప్పవద్దు. బూజు వాసన వస్తుంటే మిగిలినవాటికి దూరంగా పెట్టండి.

చూసిందంతా నోటుపుస్తకంలో రాసి, పక్కన మీ అంచనా గ్రేడు వేయండి. తర్వాత ఆ అంకెలోంచి కనీసం అర మార్కు తగ్గించండి. సొంత పుస్తకాన్ని సొంత బిడ్డలా చూస్తాం, తప్పులు కనిపించవు. కన్ను కుదరాలంటే 9.0 గ్రేడున్న చవకైన స్లాబ్ ఒకటి కొనుక్కోండి. దాన్ని పక్కన పెట్టుకుని పోల్చడం నేర్పినంతగా ఏ పట్టికా నేర్పదు. 9.0 అంత బాగుంటుందా అని చాలామంది నోరెళ్లబెడతారు.

4. పంపాలా వద్దా: లెక్క

1975 తర్వాతి సంచికలకు గ్రేడింగ్ రుసుము ప్రస్తుతం సుమారు 30 డాలర్లు. పాతవాటికి, ఖరీదైనవాటికి అంతకంటే ఎక్కువ. బాగా విలువైనవైతే ధరలో శాతం చొప్పున తీసుకుంటారు. పంపే రోజు వాళ్ల పట్టిక చూసుకోండి, తరచూ మారుతుంది. దీనికి ప్రెసింగ్, రానూపోనూ కొరియర్, బీమా కలపండి.

మాటవరసకు, ఒక కామిక్ గ్రేడు లేకుండా 70 డాలర్లు, 9.6 అయితే 95, 9.8 అయితే 160 పలుకుతోంది అనుకుందాం. గ్రేడింగ్ 30, ప్రెసింగ్ 20, కొరియర్‌లో దీని వాటా 15, మొత్తం 65. అమ్మే వేదిక 13 శాతం పట్టుకుంటుందనుకోండి.

- గ్రేడు లేకుండా అమ్మితే చేతికి సుమారు 61
- 9.8 వచ్చి అమ్మితే 139లోంచి 65 పోగా 74
- 9.6 వచ్చి అమ్మితే 83లోంచి 65 పోగా 18

13 డాలర్ల అదనపు లాభం కోసం 43 డాలర్ల నష్టాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారన్నమాట, పైగా కొన్ని నెలల నిరీక్షణ. నేను పాటించే నియమం: మీ అంచనా కంటే ఒక మెట్టు తక్కువ గ్రేడు వచ్చినా గిట్టుబాటు అవుతుందనుకుంటేనే పంపండి. 9.8 వస్తే తప్ప లాభం లేని పుస్తకాన్ని పంపడం లాటరీ టికెట్టు కొనడమే.

మినహాయింపులు రెండు. పుస్తకం బాగా ఖరీదైనది, నకిలీనో మరమ్మతో అన్న అనుమానం కొనేవాళ్లకు వచ్చేది అయితే, గ్రేడు 3.0 అయినా స్లాబ్ ఉంటేనే నమ్ముతారు. అమ్మే ఆలోచనే లేక, పుట్టినరోజు కానుకగా గోడకు పెట్టుకోవాలనుకుంటే ఈ లెక్కలేవీ వద్దు.

5. ఇంటి వైద్యం వద్దు, ప్రెసింగ్ ఆలోచించి

రబ్బరుతో రుద్దడం, టేపు పీకడం, చిరిగినచోట జిగురు రాయడం, పిన్నులు మార్చడం: ఏదీ చేయకండి. చిరుగు ఉన్న పుస్తకం కంటే టేపు వేసిన పుస్తకం చవక. ఇస్త్రీ పెట్టెతో ‘ప్రెసింగ్’ చేసి చూపించే వీడియోలు నమ్మి అట్టమీది మెరుపు కరిగించుకున్నవాళ్లు ఉన్నారు.

అసలు ప్రెసింగ్ అంటే తేమ, వేడి, ఒత్తిడి అదుపులో ఉంచి మడతలను, అలలను సాపు చేయడం. సీజీసీకి అనుబంధంగా సీసీఎస్ ఈ పని చేస్తుంది, విడిగా చేసేవాళ్లూ ఉన్నారు. దీన్ని మరమ్మతుగా లెక్కించరు. వేలి నొక్కులు, రంగు చెదరని వంపులు ఉంటే లాభిస్తుంది. రంగు ఊడిన గీతలకు, చిరుగులకు, మరకలకు డబ్బు దండగ.

6. పంపడం

సభ్యత్వం తీసుకుని వెబ్‌సైటులో ఫారం నింపి నేరుగా పంపవచ్చు. లేదా అధీకృత డీలరుగా ఉన్న స్థానిక కామిక్స్ దుకాణానికి ఇవ్వవచ్చు. రెండు మూడు పుస్తకాలే అయితే దుకాణమే మేలు, వాళ్ల పెద్ద పార్సిల్‌లో మీవి కలిసిపోతాయి.

1. ప్రతి పుస్తకానికీ ముందు, వెనక, వెన్ను, మధ్య పేజీ ఫోటోలు తీసుకోండి. దారిలో దెబ్బతింటే బీమా అడగడానికి అవే ఆధారం.
2. కవరులో బోర్డు సహా పెట్టి, పైమడతను పెయింటర్స్ టేపుతో అంటించండి. మామూలు టేపు వాడితే, పుస్తకం బయటికి తీస్తున్నప్పుడు దాని జిగురు అట్టకు తగులుతుంది. ఇది చాలా మామూలుగా జరిగే ప్రమాదం.
3. పుస్తకం కంటే కాస్త పెద్ద అట్టముక్కలు రెండు తీసుకుని, ఒకదాని గాడులు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా పట్టుకుని, పుస్తకాన్ని వాటి మధ్యలో పెట్టండి. ఆ కట్టను పెట్టెలో అన్నివైపులా మెత్త వేసి కదలకుండా బిగించండి. ఊపితే చప్పుడు రాకూడదు.
4. ఫారంలో విలువ నిజాయితీగా రాయండి. రుసుము మిగులుతుందని తక్కువ రాస్తే పుస్తకం పోయినప్పుడు అంతే వస్తుంది.

సంతకం ఉన్న పుస్తకాల విషయంలో జాగ్రత్త. సంతకం అసలుదేనని చెప్పే సీజీసీ పసుపు లేబుల్ రావాలంటే మామూలుగా వాళ్ల సాక్షి ఎదుటే సంతకం పడాలి. మీరు కళ్లారా చూసి చేయించుకున్నారన్న మాట ఒక్కటే అందుకు చాలదు. సీబీసీఎస్‌లో సంతకాన్ని నిపుణులతో పరీక్షించే ఏర్పాటు ఉంది.

హైదరాబాదు నుంచి పంపాలనుకునేవాళ్లు రానూపోనూ కొరియర్, తిరిగి వచ్చేటప్పటి సుంకం కలుపుకుని నాలుగో మెట్టు లెక్క మళ్లీ వేయాలి. అమెరికాలో ఉన్న బంధువు దగ్గరికి చేర్చి, అక్కడే గ్రేడు వేయించి, అక్కడే అమ్మడం ఎక్కువసార్లు నయం.

7. స్లాబ్ వచ్చాక పరీక్ష

లేబుల్ మీది సంచిక, సంవత్సరం, గ్రేడు మీ ఫారంతో సరిపోయాయో చూడండి. పేర్లు తప్పు పడటం జరుగుతుంది, వెంటనే రాస్తే సరిచేస్తారు. ధ్రువీకరణ నంబరును సంస్థ వెబ్‌సైటులో వెతికి, వివరాలు అవేనా చూడండి. ప్లాస్టిక్ మూలలు పగిలాయా, పుస్తకం లోపల జారిందా అన్నదీ చూడండి. లోపలి పొర మీద ఇంద్రధనుస్సులాంటి వలయాలు కనిపిస్తే కంగారు పడకండి, రెండు ప్లాస్టిక్ పొరలు తాకినచోట అలా వస్తాయి.

మీ నోటుపుస్తకం తీసి మీ అంచనానూ వచ్చిన గ్రేడునూ పోల్చండి. మొదటి విడతలో ఒకటి ఒకటిన్నర మార్కు తేడా రావడం మామూలే.

స్లాబ్ కొనేటప్పుడైతే ఇంకో జాగ్రత్త ఉంది. అసలు పెట్టెను తెరిచి తక్కువ రకం ప్రతిని పెట్టి అమ్మిన మోసం 2023 చివర్లో బయటపడి పెద్ద గొడవైంది. నంబరు సరిపోతే చాలదు. వెబ్‌సైటులో ఆ ప్రతి ఫోటో ఉంటే ఒక్కో గీతనూ పోల్చండి.

8. అమ్మడం

వంద, రెండు వందల డాలర్ల పుస్తకాలకు ఈబే సరిపోతుంది. వేలకు చేరితే హెరిటేజ్, కామిక్‌కనెక్ట్, కామిక్‌లింక్ లాంటి వేలం సంస్థలను అడగండి. కమీషను ముందే మాట్లాడుకోండి. స్థానిక దుకాణం సగం ధర చెప్పిందని కోపం తెచ్చుకోవద్దు. వాళ్లకు అద్దె ఉంది, ఆ పుస్తకం ఏడాదిపాటు అక్కడే ఉండిపోవచ్చు. వంద చవక సంచికలు ఒకేసారి వదిలించుకోవాలంటే ఆ సగం ధరే మీ సమయానికి తగిన ధర.

ఫోటోల్లో లోపాలు దాచకండి. దాచిన మడత పుస్తకంతో పాటు మీ దగ్గరికే తిరిగివస్తుంది, కొరియర్ ఖర్చు మీదే. అమెరికా తపాలాలో పుస్తకాలకు చవకైన మీడియా మెయిల్ ఉంది కదా అనుకోకండి, ప్రకటనలున్న కామిక్స్‌కు అది వర్తించదు. పట్టుబడితే మిగిలిన రుసుము మీ కొనుగోలుదారుణ్ని అడుగుతారు, మీకు చెడ్డ రేటింగ్ పడుతుంది.

కొన్న రసీదులు, గ్రేడింగ్ రసీదులు దాచుకోండి. అమెరికాలో పన్ను కట్టేవాళ్లు ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మిన సేకరణ వస్తువుల లాభం మీద గరిష్ఠంగా 28 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది. షేర్ల మీద ఉండే రేటు ఇక్కడ కుదరదు.

మన ఇళ్లలోని ఇంద్రజాల్, అమర్ చిత్రకథ, చందమామల సంగతి

ఇది కూడా తరచూ అడుగుతారు. సీజీసీ విదేశీ కామిక్స్‌కూ గ్రేడు వేస్తుంది, కాని వేయించవద్దంటాను. 1964 నుంచి 1990 వరకు వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్‌ను, 1967లో మొదలైన అమర్ చిత్రకథలను, 1947 జులైలో మొదలైన చందమామను కొనేవాళ్లు పేజీ తిప్పి చదువుకుందామని కొంటారు. ప్లాస్టిక్‌లో సీలు చేస్తే వాళ్లకు ఆ పుస్తకంతో పనే లేదు. తప్పిపోయిన సంచికలతో వరస పూర్తి చేసుకోవాలన్నదే వాళ్ల ఆరాటం. అందుకే విడి సంచికల కంటే వరుసగా ఉన్న కట్ట బాగా పోతుంది. అమర్ చిత్రకథ అయితే అట్ట మీది ధర చూడండి. ఒకే శీర్షిక ఎన్నోసార్లు అచ్చయింది, ధర తక్కువగా ఉన్న ప్రతి సాధారణంగా పాతది.

మన పెద్దవాళ్లు ఏడాది సంచికలు కలిపి బైండు చేయించేవారు. బైండింగులో అంచులు కోసేస్తారు, అట్టలు తీసేస్తారు. విప్పి విడి సంచికలుగా అమ్ముదామనుకోకండి. విప్పితే రెండింటికీ చెడుతుంది, బైండుగానే అమ్మండి. ధర తెలియాలంటే హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరుసలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో ఒక పూట తిరగండి. కొనేవాడిగా అడిగిన ధర, అమ్మేవాడిగా అడిగిన ధర రెండూ రాసుకోండి. వాటి మధ్య ఎక్కడో మీ ధర ఉంటుంది.

అమ్మేదాకా దాచడం

పుస్తకాలను నిలువుగా, వంగిపోకుండా, పెట్టెలో సరిపడా నింపి ఉంచండి. టెక్సాస్ గ్యారేజీ వేడి, విశాఖ గాలిలోని తేమ రెండూ కాగితానికి శత్రువులే. మనుషులు హాయిగా పడుకోగలిగే గదిలో, నేలకు కాస్త ఎత్తున, ఎండ పడని చోట పెట్టండి. కలరా ఉండలు వేయకండి, వాసన కాగితానికి పట్టేసి ఏళ్లు గడిచినా పోదు. సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చండి. చవక ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకు పసుపెక్కి ముడతలు పడతాయి, అలా కనిపించగానే కొత్తవి వేయండి. మైలార్ అయితే ఆ బెడద లేదు. ఆరు నెలలకొకసారి పెట్టె తెరిచి నాలుగైదు పుస్తకాలు తీసి పిన్నుల దగ్గర తుప్పు, అంచుల దగ్గర పురుగు కొట్టిన గుర్తులు చూడండి. ఒకదానిలో కనిపిస్తే ఆ పెట్టె మొత్తం ఆ రోజే ఖాళీ చేసి చూడాలి.